అటక మీద దొరికిన బంగారు నక్షత్రం ఎవరిది?

ప్రశ్న: మేము అమెరికాలో, ఒహాయోలో ఒక పాత ఇల్లు కొన్నాం. అటక సర్దుతుంటే ఒక రేకు పెట్టెలో చిన్న గుడ్డ జెండా కనిపించింది. చుట్టూ ఎర్రటి అంచు, మధ్యలో తెలుపు. ఆ తెలుపు మీద పైన ఒక బంగారు నక్షత్రం, దాని కింద ఒక నీలి నక్షత్రం. పై అంచుకు సన్నని కర్ర, తాడు ఉన్నాయి. అదే పెట్టెలో రెండు రేషన్ పుస్తకాలు, నాలుగైదు ఇత్తడి బొత్తాలు కూడా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న ఇంటి జెండా అయి ఉంటుందని పక్కింటి పెద్దాయన చెప్పారు. మావారు, యుద్ధాల్లో పోయిన సైనికులను తలచుకునే మెమోరియల్ డే నాడు దాన్ని ముందు కిటికీకి కడదామంటున్నారు. చనిపోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉండకూడదని మా అత్తగారు పట్టుబడుతున్నారు. మా అమ్మాయి బడికి తీసుకువెళ్ళి చూపిస్తానంటోంది. మా మరిది, ఆన్‌లైన్‌లో పెడితే సేకరించేవాళ్ళు మంచి ధర ఇస్తారంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, ఒహాయో

సమాధానం: మీ ఇంట్లో నలుగురూ నాలుగు దారులు చూపించారు. వాటిలో మూడింటి వెనక మంచి ఉద్దేశం ఉంది. మీ మరిదిగారి సలహాను మాత్రం పక్కన పెట్టేయండి. ఇలాంటి జెండాలు కొనేవాళ్ళున్న మాట నిజమే. కానీ ఆ నక్షత్రం ఎవరిదో కనుక్కునే ఆధారాలు అదే పెట్టెలో ఉండగా, కనుక్కోకుండానే అమ్మకానికి పెట్టడం ఏం మర్యాద? ఇల్లు కొన్నప్పుడు అటక మీది సామాను కూడా కాగితాల ప్రకారం మీకే వచ్చి ఉండవచ్చు. ఆ లెక్కలో జెండా మీదే. దాని మీది నక్షత్రం మాత్రం మీది కాదు.

మీకు దొరికినదాన్ని సర్వీస్ ఫ్లాగ్ అంటారు, సర్వీస్ బ్యానర్ అని కూడా. పుట్టింది మీ రాష్ట్రంలోనే. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన 1917లో, ఒహాయో నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సైనిక దళంలో పనిచేసిన కెప్టెన్ రాబర్ట్ క్వైసర్ దీన్ని రూపొందించి పేటెంటు తీసుకున్నాడు. ఆయన కొడుకులిద్దరు సైన్యంలో ఉన్నారు. ఇంట్లోంచి ఎందరు సైన్యంలో ఉంటే జెండా మీద అన్ని నీలి నక్షత్రాలు. కిటికీలో కట్టిన ఆ జెండాను చూస్తే వీధిలో వెళ్ళేవాళ్ళకు ఆ ఇంటి పరిస్థితి తెలిసిపోయేది. వెళ్ళినవాడు పోతే నీలి నక్షత్రం మీద బంగారు నక్షత్రం వచ్చేది. 1918లో ఒక మహిళా సంఘం, సైనికులను పోగొట్టుకున్న స్త్రీలు సంతాప దుస్తులకు బదులు ఎడమ చేతికి బంగారు నక్షత్రం ఉన్న నల్ల పట్టీ కట్టుకుంటే చాలునని ప్రతిపాదించగా, అధ్యక్షుడు విల్సన్ అంగీకరించాడు. ‘గోల్డ్ స్టార్ తల్లి’ అనే మాట వాడుకలోకి వచ్చింది ఆ కాలంలోనే.

జెండాను ఒకసారి వెలుతురులో, తెల్లటి దుప్పటి మీద పరిచి, భూతద్దంతో బంగారు నక్షత్రం అంచులు చూడండి. బంగారు రంగు చుట్టూ సన్నని నీలి గీత కనిపించాలి. నీలి నక్షత్రాన్ని ఊడదీయరు. దాని మీదే, అంతకంటే కాస్త చిన్నదిగా బంగారు నక్షత్రం వేస్తారు, కింది నీలం చుట్టూ కనబడేటట్టు. తర్వాత జెండాను తిరగేసి కుట్టు చూడండి. నీలి నక్షత్రం వెనక మిషను కుట్టో నేతో సమంగా ఉండి, బంగారు నక్షత్రం వెనక వేరే రంగు దారంతో పొట్టీ పొడుగూ కుట్లు కనిపించాయంటే, దాన్ని ఎవరో చేత్తో కుట్టారన్నమాట. ఆ కుట్లు వదులుగా ఉన్నా మీరు బిగించవద్దు. వేలాడే దారాన్ని కత్తిరించవద్దు. ఆ దారంలో మీరు మార్చవలసింది ఏమీ లేదు.

ఇక మీవారి సంగతి. ఆయన గౌరవంతోనే అన్నారు, సందేహం లేదు. అయినా ఆ జెండాను మీ కిటికీకి కట్టకూడదు. అమెరికా చట్టసంపుటి 36వ భాగంలోని 901వ సెక్షన్ ప్రకారం, యుద్ధమో సాయుధ పోరాటమో జరుగుతున్న కాలంలో సైన్యంలో ఉన్న వ్యక్తి కుటుంబ సభ్యులు తాము నివసించే ఇంటి కిటికీలో దీన్ని ప్రదర్శించవచ్చు. కుటుంబమంటే తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు వంటి దగ్గరివాళ్ళు. ఏ ఇంటి కిటికీలో ఉంటే ఆ ఇంటివాళ్ళు ‘మావాడు’ అని చెబుతున్నట్టే. అది మీ ముందు కిటికీలో కనిపిస్తే, ఇటీవలి యుద్ధాల్లో నిజంగా కొడుకునో కూతురినో పోగొట్టుకున్న పొరుగువాళ్ళెవరైనా మీ తలుపు తట్టి, పోయినది ఎవరని అడగవచ్చు. అప్పుడు ‘అటక మీద దొరికిందండీ’ అని చెప్పవలసి వస్తుంది. ఆ ఇబ్బంది మీకూ వద్దు, వాళ్ళకూ వద్దు. మెమోరియల్ డే నాడు ఏదైనా కట్టాలని మీవారికి అంతగా ఉంటే అమెరికా జాతీయ జెండా ఉంది. దాన్ని ఎవరైనా ఎగరవేయవచ్చు. జెండా కర్ర ఉంటే ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు వరకు సగం ఎత్తులో ఉంచి, తర్వాత పైకి ఎగరవేయాలన్నది అక్కడి పద్ధతి.

మీ అత్తగారితో వాదనకు దిగకండి. ఆవిడ భయం చావంటే, ముక్కూ మొహం తెలియని మనిషి చావంటే. ఇది శవం మీద కప్పిన గుడ్డ కాదని, సైనికుడి ఒంటిని తాకిందే కాదని ముందు చెప్పండి. ఇది ఇంట్లో ఎదురుచూసినవాళ్ళ వస్తువు. మన ఇళ్ళలో పోయిన పెద్దల ఫోటోకు దండ వేసి హాల్లోనే పెడతాం కదా, దాన్ని ఎవరూ అశుభం అనరు. ఆ కుటుంబానికి ఈ జెండా అలాంటిదే. ఒక్క తేడా ఏమిటంటే, మన ఫోటో ఇంట్లోకి వచ్చినవాళ్ళకు కనబడుతుంది, ఇది వీధిలోకి తిరిగి ఉంటుంది. యుద్ధం ముగిశాక చాలా ఇళ్ళలో దాన్ని కిటికీలోంచి దించి దాచుకున్నారు. మీ అటక మీదికి ఎవరూ నిర్లక్ష్యంగా విసిరేయలేదు, పెట్టెలో పెట్టారు. ఇవన్నీ చెప్పినా ఆవిడ మనసు ఒప్పుకోకపోతే, మనం దాన్ని ఉంచుకోవడం లేదని, సొంతవాళ్ళను వెతికి అప్పగించబోతున్నామని చెప్పండి. దానికి ఏ అత్తగారూ అడ్డుచెప్పరు.

వెతకడమెలా? మీరు ఉత్తరంలో ఏదో మాటవరసకు రాసినట్టు రాసిన రేషన్ పుస్తకాలు, బొత్తాలే దీనికి తాళం చెవులు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో చక్కెర, మాంసం, కాఫీ వంటివాటికి రేషన్ ఉండేది. పుస్తకం ఇంటికొకటి కాదు, మనిషికొకటి, పసిపిల్లలకు కూడా. అట్ట మీద పేరు, చిరునామా రాయించేవారు. కొన్నింటిలో వయసు, ఎత్తు, బరువు కూడా ఉంటాయి. సిరా వెలిసిపోయి ఉంటే పుస్తకాన్ని ఏటవాలు వెలుతురులో పట్టి ఫోటో తీయండి, కలం ఒత్తిన గీతలు తేలుతాయి. మామూలుగా సైన్యంలో ఉన్నవాళ్ళకు తిండి సైన్యమే పెట్టేది కాబట్టి, ఆ పుస్తకాల మీద ఉన్నవి బహుశా ఇంట్లో మిగిలినవాళ్ళ పేర్లు. అంటే జెండాను కిటికీకి కట్టినవాళ్ళవి. అక్కడి చిరునామా మీ ఇంటిదే అయితే మీ పని సగం అయినట్టే. వేరే చిరునామా అయితే ఆ పెట్టె ఇంకో ఇంటి నుంచి వచ్చిందని తెలుస్తుంది. అదీ అవసరమైన సంగతే.

బొత్తాల మీద గద్ద ఒక్కటే ఉందా, గద్దతో పాటు లంగరు కూడా ఉందా చూడండి. లంగరు ఉంటే నౌకాదళం వైపో, ఓడల మీద వెళ్ళి పోరాడే మెరైన్ల వైపో వెతకాలి. ఉత్త గద్ద అయితే ఆర్మీ. అలాగని బొత్తాలనే పూర్తిగా నమ్ముకోకండి. మీ జెండా మీద నక్షత్రాలు రెండు. ఆ బొత్తాలు తిరిగి వచ్చినవాడివి కూడా కావచ్చు.

ఇంటిపేరు దొరికాక జనాభా లెక్కలు చూడండి. అమెరికాలో ఇంటింటి జనాభా లెక్కల కాగితాలను 72 ఏళ్ళు గోప్యంగా ఉంచి, తర్వాత అందరికీ తెరుస్తారు. 1940 లెక్కలు 2012లో, 1950 లెక్కలు 2022లో బయటికి వచ్చాయి. రెంటిలోనూ మీ వీధి, మీ ఇంటి నంబరు పట్టుకోండి. 1940లో ఆ ఇంట్లో ఇద్దరు కొడుకులున్నారనుకోండి, ఎవరు పోయారో ఆ కాగితం చెప్పదు, పేర్లు మాత్రం ఇస్తుంది. 1950లో ఒకడు పెళ్ళాం పిల్లలతో పక్క వీధిలో కనిపిస్తే, జెండా మీది నీలి నక్షత్రం అతనిదై ఉండవచ్చు. అందరి కళ్ళూ బంగారు నక్షత్రం మీదే నిలుస్తాయి. మీరు నీలి నక్షత్రాన్ని పట్టుకోండి. పోయిన కుర్రవాడికి చాలాసార్లు పిల్లలుండరు. తిరిగి వచ్చినవాడి పిల్లలో మనవలో ఇప్పుడు ఎక్కడో ఉంటారు.

పోయింది ఎవరన్నది తేల్చుకోవడానికి ఇంకో దారి ఉంది. 1946లో అమెరికా యుద్ధ శాఖ ఆర్మీ, ఆర్మీ వైమానిక దళం మృతుల జాబితాలను రాష్ట్రాలవారీగా, కౌంటీలవారీగా (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అచ్చు వేసింది. నౌకాదళం, మెరైన్లు, కోస్ట్ గార్డ్ మృతుల జాబితాలు వేరుగా వచ్చాయి. ఇవన్నీ ప్రభుత్వ పాత దస్త్రాలను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర ఉన్నాయి, కంప్యూటర్‌లోనే చూడవచ్చు. ఆర్మీ జాబితాలో మీ కౌంటీ తెరిస్తే పేరు, సీరియల్ నంబరు, హోదా, చివర కొన్ని ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. కేఐఏ అంటే పోరులో చనిపోయాడు. డీఓడబ్ల్యూ అంటే గాయాలతో పోయాడు. డీఎన్‌బీ అంటే పోరుతో సంబంధం లేకుండా, జబ్బుతోనో ప్రమాదంలోనో పోయాడు. ఎఫ్ఓడీ అంటే మనిషి దొరకక, చనిపోయినట్టు నిర్ధారించారు. ఈ చివరి సంగతులు ముందే చెప్పడానికి కారణం ఉంది. బంగారు నక్షత్రం చూడగానే మనం యుద్ధభూమిని ఊహించుకుంటాం. సేవలో ఉండగా శిక్షణ శిబిరంలో లారీ బోల్తాపడి పోయినా ఆ తల్లి కుట్టింది ఇదే నక్షత్రం. కథ మీ ఊహకు తగ్గట్టు లేదని నిరుత్సాహపడకండి, మీ అమ్మాయిని పడనివ్వకండి.

సమాధి ఎక్కడుందో కూడా తెలుసుకోవచ్చు. యుద్ధం ముగిశాక, విదేశాల్లో పూడ్చిన తమవాడిని ఇంటికి తెప్పించుకోవాలో అక్కడే ఉంచాలో నిర్ణయించుకొమ్మని ప్రభుత్వం కుటుంబాలనే అడిగింది. 1,71,000 మందికి పైగా స్వదేశానికి తిరిగి వచ్చారు. మిగతావాళ్ళు ఫ్రాన్స్‌లోని నార్మండీ, ఫిలిప్పీన్స్‌లోని మనీలా వంటి చోట్ల అమెరికన్ శ్మశానాల్లోనే ఉన్నారు. వాటిని చూసుకునే అమెరికన్ బాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ దగ్గర పేరుతో వెతకవచ్చు. అక్కడ లేకపోతే మీ ఊరి శ్మశానంలోనే ఉండవచ్చు. ఒక సాయంత్రం నడిచి వెళ్ళి చూసి రండి.

సెయింట్ లూయిస్‌లోని సైనిక దస్త్రాల కేంద్రానికి రాయమని ఎవరైనా చెబుతారు. సేవ ముగిసి 62 ఏళ్ళు దాటిన దస్త్రాలను ఎవరైనా అడగవచ్చు. కానీ 1973 జులైలో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. 1912 నుంచి 1960 మధ్య సైన్యాన్ని విడిచిన ఆర్మీవాళ్ళ దస్త్రాల్లో దాదాపు 80 శాతం కాలిపోయాయి. ‘దొరకలేదు’ అని జవాబు వస్తే అక్కడితో ఆగకండి. యుద్ధకాలంలో పోయిన ఆర్మీవాళ్ళకు మృతి, అంత్యక్రియల దస్త్రం వేరే ఉంటుంది. దాన్ని ప్రత్యేకంగా అడగాలి. అందులో సమాధి వివరాలతో పాటు, ఇంటివాళ్ళు ప్రభుత్వానికి రాసిన ఉత్తరాలు కూడా ఉండవచ్చు. దేహాన్ని గుర్తించిన వివరాలు, పళ్ళ పటాలు కూడా ఉంటాయి. కాబట్టి అది వస్తే ముందు మీరొక్కరే చదవండి. అమ్మాయి చేతికి ఇవ్వకండి. కుటుంబం దొరికాక కూడా, అలాంటి దస్త్రం ఉందని మాత్రం చెప్పి, కావాలంటేనే పంపండి.

మీ అమ్మాయి ఉత్సాహాన్ని చల్లార్చకండి. అసలు జెండాను మాత్రం బడికి పంపవద్దు. ముప్పై మంది పిల్లల చేతులు మారితే పాత గుడ్డ ఏమవుతుందో మీకు తెలుసు. రెండు వైపులా ఫోటోలు తీసి ఇవ్వండి. చెప్పడానికి కథ కావాలంటే గ్రేస్ డార్లింగ్ సీబోల్డ్ కథ చెప్పమనండి. వాషింగ్టన్‌కు చెందిన ఆవిడ కొడుకు జార్జి విమానదళంలో ఉండి 1918లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. కబురు తెలియక ముందు, ఎక్కడో గాయపడి ఉంటాడన్న ఆశతో ఆవిడ ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. తెలిశాక కూడా వెళ్ళడం మానలేదు, ఇతర సైనికులకు సేవ చేస్తూ ఉండిపోయింది. 1928లో అలాంటి తల్లులను కూడగట్టి ‘అమెరికన్ గోల్డ్ స్టార్ మదర్స్’ సంఘం స్థాపించింది. ఆ తల్లుల కోసం ఏటా సెప్టెంబరు ఆఖరి ఆదివారాన్ని 1936 నుంచి దేశమంతా పాటిస్తున్నారు.

అమ్మాయి కాస్త పెద్దదైతే ఇంకో సంగతి కూడా చెప్పవచ్చు. 1930 నుంచి 1933 వరకు, కొడుకుల, భర్తల సమాధులు చూసుకోవడానికి తల్లులను, భార్యలను ప్రభుత్వం తన ఖర్చుతో ఐరోపాకు పంపింది. నల్లజాతి తల్లులను మాత్రం వేరే ఓడల్లో పంపింది. ఒకే నక్షత్రం పెట్టుకున్నవాళ్ళను రెండు ఓడలు ఎక్కించిన ఆ సంగతి పిల్లల పుస్తకాల్లో అంతగా కనబడదు, అందుకే చెబుతున్నాను.

జెండాను వెంటనే ఏం చేయాలంటే, చాలావరకు ఏమీ చేయకూడదు. ఉతకవద్దు. ఎరుపు రంగు తడి తగిలితే తెలుపులోకి దిగుతుంది, ఇక వదలదు. ఇస్త్రీ వద్దు, లామినేషన్ అసలే వద్దు, జిగురు టేపులు వద్దు. గాజు ఫ్రేములో పెట్టి ఎండ పడే గోడకు తగిలిస్తే ఆ రంగులు ఎన్నాళ్ళో నిలవవు. ఆమ్లం లేని తెల్ల కాగితం అడుగున, పైన వేసి, మడత పెట్టకుండా వెడల్పాటి అట్టపెట్టెలో పరిచి ఉంచండి. పాత మడతలుంటే బలవంతంగా సాగదీయకండి. పెట్టెను తిరిగి అటక మీదికి ఎక్కించవద్దు, అక్కడి వేడికి చలికి గుడ్డ పొడి అయిపోతుంది. పడకగది అలమర చాలు.

కుటుంబంవాళ్ళు దొరికితే మొదటి ఉత్తరం చిన్నదిగా రాయండి. మీరెవరు, ఏ ఇల్లు, ఏం దొరికింది, ఎవరిదని అనుకుంటున్నారు. అంతే. జెండా ఫోటో ఒకటి జతచేయండి. ‘మీకు కావాలా?’ అని అడగండి, ‘పంపుతున్నాం’ అని రాయకండి. అది తమ దగ్గరకు రావాలని అందరూ కోరుకోరు. ఆ చావు చుట్టూ మీకు తెలియని గొడవలు, అలకలు ఉండవచ్చు. ఇద్దరు మనవలు నాకంటే నాకని పోటీపడనూ వచ్చు. తీర్పు చెప్పే పని నెత్తిన వేసుకోకండి, మొదట జవాబిచ్చిన పెద్దవాళ్ళకు అప్పగించి, మిగతావాళ్ళకు ఫోటోలు పంపండి. జవాబు రాకపోతే రెండు నెలలు ఆగి ఇంకొకసారి రాయండి. మూడోసారి వద్దు.

ఎవరూ దొరకకపోతే మీ కౌంటీ హిస్టారికల్ సొసైటీని అడగండి. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ స్థానిక శాఖవాళ్ళకు ఊరి పాత కుటుంబాలు తెలుస్తాయి కాబట్టి ఇవ్వడానికి ముందు వాళ్ళను కూడా ఒక మాట అడగడం మంచిది. ఇచ్చేటప్పుడు జెండా, రేషన్ పుస్తకాలు, బొత్తాలు, రేకు పెట్టె అన్నీ కలిపే ఇవ్వండి. జెండా ఒక్కటే తీసుకుంటాం, మిగతావి మీరే ఉంచుకోండి అంటే ఒప్పుకోవద్దు. మీరు వెతికిన కాగితాల నకళ్ళు కూడా ఆ పెట్టెలో పెట్టండి. ఏ ఇంటి అటక మీద, ఏ సంవత్సరం దొరికిందో ఒక కాగితం మీద రాసి సంతకం చేయండి. పెద్దయ్యాక చూసుకోవడానికి మీ అమ్మాయి చేత కూడా చేయించండి.